కళ్ళు లేనిది

వరి విరగపండిన ఏడు, మాఘమాసపు చలిలో, కౌజుపిట్ట ఏడు పిల్లలతో కాపురమున్న చేనులోకి కోతమిషను దిగింది. నేల గడగడ వణికింది.

"అమ్మా, పారిపోదాం!" అంది కడగొట్టు పిల్ల.

తల్లి మాత్రం కదల్లేదు. "కదిలేదీ అరిచేదీ ప్రాణమున్నదేనర్రా. గద్ద వచ్చినప్పుడు రాళ్ళలా పడుకుంటే చూడకుండా పోలేదూ? అలాగే పడుకోండి."

"గద్దకి కళ్ళున్నాయమ్మా. దీనికేవీ?"

"నోర్ముయ్! అంత లావు దానికి కళ్ళుండవా? నాకు నేర్పొచ్చావా?"

ఆరు పిల్లలు కిక్కురుమనకుండా పడుకున్నాయి. కడగొట్టుది గట్టుమీదికి ఉరికింది. దాన్ని లాక్కొద్దామని తల్లీ వెనకాలే పరిగెత్తింది.

మిషను ఎవరినీ వెతకలేదు. నేరుగా వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఆ తల్లికి మిగిలింది ఒక్క పిల్ల.