అద్దానికి ఇవతల

"ఈ అద్దం పీకేస్తావా, నన్ను పీకెయ్యమంటావా?" అన్నాడు జీపు డ్రైవరు, సీటు వెనక నిలువునా బిగించిన పలకను వేలితో కొడుతూ. "వెనకవాళ్ళు అరిచి చెప్పినా నాకు గొణిగినట్టే ఉంటుంది."

"దాని జోలికి పోకు బావా," అన్నాడు బావమరిది. నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. "వచ్చేవాళ్ళు ఎక్కడెక్కడ తిరిగొచ్చారో. వాళ్ళ గాలి నీకు తగలకూడదనే పెట్టించాను."

నెలల తరబడి మూసి ఉన్న అడవి గేటు ఆ రోజే తెరుస్తున్నారు. సఫారీకి మొదటి వంతు వీళ్ళ జీపుదే. జాగ్రత్తలన్నీ బావమరిది ఒంటిచేత్తో చూసుకున్నాడు. జీపుకు ఒక్క కుటుంబమే. పైన గుడ్డ కప్పు తీసేయాలి. డ్రైవరు సీటు దిగకూడదు, ఎవరికీ ఏదీ అందించకూడదు. మొన్న బావను కరోనా టెస్టుకు తీసుకెళ్ళి, తనూ చేయించుకున్నదీ అతనే. ఫలితం అతని ఫోనుకే వచ్చింది. "ఇద్దరికీ లేదు బావా" అని చల్లని కబురు చెప్పిందీ అతనే.

"రాత్రి షెడ్డులోనే పడుకున్నావుగా?" అని అడిగాడు.

"ఊ."

"నేను చెప్పేదాకా ఇంటి గడప తొక్కకు. అక్క ఉబ్బసం సంగతి నీకు తెలియందా. ఆ ఊపిరికి ఈ జబ్బు కూడా తోడైతే ఇంకేమైనా ఉందా."

"మీ అక్క మీద నీకున్న ప్రేమలో సగం నాకుంటే, ఆవిడ నన్నీపాటికి దేవుడి పక్కన కూర్చోబెట్టేది," అని డ్రైవరు తాళం తిప్పాడు. మాస్కు వెనక నవ్వుకున్నాడు.

ఒక ముసలాయన, ఆయన భార్య వచ్చి ఎక్కారు. బావమరిది వాళ్ళ వెనక, జీపు చివరి మెట్టు మీద నిలబడ్డాడు. మామూలుగా అయితే అతని చోటు డ్రైవరు పక్కనే. అడవిలో ఆ ఇద్దరిదీ పాత జోడీ. కన్ను బావమరిదిది, ముక్కు డ్రైవరుది. గాలి ఇటు తిరిగితే చాలు, చచ్చిన జింక ఏ వైపుందో డ్రైవరు చెప్పేవాడు. జింక దొరికితే చిరుత దొరికినట్టే.

ఆ రోజు ఎంత తిరిగినా ముక్కుకు ఏమీ తగల్లేదు. వాగు దాటారు, గుట్ట ఎక్కి దిగారు. నెమలి తప్ప చూడదగ్గది ఏదీ కనిపించలేదు. వెదురు పొద మలుపు తిరగగానే ముసలావిడ అద్దం మీద టకటకా కొట్టింది.

"అమ్మో, ఏమిటయ్యా ఈ కంపు?"

ముసలాయన మాస్కు మీద తువ్వాలు కూడా అదుముకున్నాడు. బావమరిది మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. డ్రైవరు గాలి పీల్చాడు. మాస్కు కిందికి లాగి మళ్ళీ పీల్చాడు. గాలి ఉతికి ఆరేసినట్టు ఉంది.

"ఆపు బావా, పక్కనే ఉంది," అని బావమరిది కేకేశాడు.

చెట్టు పంగలో సగం తిన్న జింక వేలాడుతోంది. పై కొమ్మ మీద చిరుత కాళ్ళు వేలాడేసి పడుకుంది. ముసలివాళ్ళు కంపు మరిచిపోయి ఫొటోలు తీసుకుంటున్నారు. డ్రైవరు శానిటైజర్ సీసా తీసి అరచేతిలో ఒంపుకున్నాడు. ముక్కు దానిలో ముంచినంత పని చేశాడు. చల్లగా తగిలింది, అంతే. ఇంకొంచెం ఒంపుకున్నాడు.

తల తిప్పి చూశాడు. బావమరిది చిరుతను చూడటం లేదు. అద్దంలోంచి తననే చూస్తున్నాడు.

గేటు దగ్గర ముసలివాళ్ళు దిగారు. "ఇంత జాగ్రత్తగా సొంత పిల్లలు కూడా చూసుకోరు నాయనా," అని ముసలావిడ బావమరిదిని మెచ్చుకుని వెళ్ళింది. వాళ్ళ కారు కదిలేదాకా డ్రైవరు ఆగాడు. తర్వాత సీసా పైకెత్తి చూపించాడు.

"ఇందులో నీళ్ళు కలిపావా?"

"లేదు బావా."

"కలిపానని చెప్పరా."

బావమరిది తల దించుకున్నాడు. డ్రైవరు జీపు దిగి ఒక అడుగు ముందుకు వేశాడు. బావమరిది ఒక అడుగు వెనక్కి వేశాడు. పొద్దున నాలుగడుగుల దూరం ఎందుకో డ్రైవరుకు అప్పుడు తెలిసింది.

"ఎవరికుందని వచ్చింది టెస్టులో?"

"నీకే."

"మరి ఈ అద్దం?"

బావమరిది ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"నాకోసమన్నావు. వాళ్ళ గాలి నాకు తగలకుండా అన్నావు." డ్రైవరు గొంతు పెంచలేదు. "తడిగుడ్డతో గొంతు కోయడం ఎక్కడ నేర్చావురా?"

"నీకు జ్వరం లేదు, దగ్గు లేదు. అడవిలో బండి నడిపే అనుమతి మన ఇద్దరిలో నీకొక్కడికే ఉంది. నువ్వు పడుకుంటే మన వంతు ఇంకొకడికి పోయేది," అన్నాడు బావమరిది గబగబా. "అయినా ఎవరికి అన్యాయం చేశాను చెప్పు. ముసలివాళ్ళకు అద్దం అడ్డం పెట్టాను. నేను వెనక మెట్టెక్కాను. అక్కకు అంటకూడదని నిన్ను షెడ్డులో ఉంచాను. అన్నీ ఆలోచించే చేశాను బావా."

డ్రైవరు జారిన మాస్కును ముక్కు మీదికి లాక్కున్నాడు.

"ఇద్దరికీ లేదన్నావుగా. ఆ ధైర్యంతో, నీకు చెప్పకుండా రాత్రి ఇంటికెళ్ళాను," అన్నాడు. "కూర చప్పగా ఏడిసిందని మీ అక్కను దెప్పాను. ఎందుకుంటుంది చప్పగా అని, నా కంచంలోంచే ముద్ద తీసుకుని తిని చూసింది."