పదకొండు దండాలు

"ఇంటికెళ్లి సదువుకో తల్లీ. ఇక్కడొద్దు. మీ ఆయనకి మంచి జరుగుతాది."

రైల్వే కాలనీ రాముడి గుడిలో ప్రసాదం వరసలో నిలబడ్డ రాజశ్రీ చేతిలో మడతపెట్టిన కాగితం పెట్టి, ఆ పెద్దాయన గబగబా వెళ్లిపోయాడు.

ఆయనెవరో ఆమెకి తెలీదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఖాకీ చొక్కా, నుదుట విభూతి.

ఇంటికొచ్చి విప్పి చూసింది. ఆరు వరసల తెలుగు.

అదే వచ్చింది చిక్కు! రాజశ్రీ పుట్టి పెరిగింది ఈ బిలాస్‌పూర్‌లోనే, చదివింది హిందీలో. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క రాదు. మొగుడు రమణబాబుదీ అదే తీరు.

పోనీ ఎవరిచేతైనా చదివించుకుందామంటే నామోషీ. తెలుగువాళ్ల పిల్లకి తెలుగు రాదా అని నవ్వరూ!

అయినా గుడిలో ఇచ్చిన కాగితం, చదువుకుంటే మంచి జరుగుతుందన్న కాగితం, స్తోత్రం కాక మరేమవుతుంది?

దేవుడి పటాల మధ్య పెట్టింది. పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. చదవడం రాదు కాబట్టి రోజూ పొద్దున్నే దానికి పదకొండు దండాలు పెట్టుకుంది.

ఆమెకి కావలసింది ఒక్కటే. మొగుడి ఉద్యోగం నిలబడాలి.

రమణబాబు గూడ్సు బండి డ్రైవరు. ఎర్ర సిగ్నల్ దాటించాడని నెల కిందట సస్పెండ్ చేశారు.

"పచ్చ సిగ్నలే రాజీ! బండి దగ్గరికొచ్చేశాక ఎర్ర చేసేశారు. బ్రేకు కొడితే మాత్రం అంత బండి అక్కడికక్కడ ఆగుతాదేటి?" అని ఏడ్చాడు.

అదే సమయానికి అసిస్టెంటు డ్రైవరు ఇంజను వెనకవైపు ఏదో చూడ్డానికి వెళ్లాడు. చూసినవాడు లేడు. చెప్పేవాడూ లేడు.

రాజశ్రీ కాగితం చూపించింది. "మీరూ ఓ దండం పెట్టండి. గుడిలో ఎవరో ఇచ్చారు."

"ఏటిది, మంత్రమా? దండాలకి ఉద్యోగాలు నిలబడతాయేటి? మాఫ్ కర్, నన్నొదిలెయ్."

వదిలేసి తనే పెట్టుకుంది. ఏం చేస్తుంది మరి, పాపం!

చిత్రమేమిటంటే, ఇల్లు మారింది. "అంతా మంచే జరుగుతుంది" అని పైకి అనుకుంటూ లేచేది. మొగుడి మీద కసురుకోవడం మానేసింది. రమణబాబు రెండు ముద్దలు ఎక్కువ తినసాగాడు. ఒకరోజైతే నవ్వాడు కూడా.

దాంతో ఆమెకి ఆ కాగితం మీద గురి కుదిరిపోయింది.

రెండు వారాలకి తోర్వా కూరల బజారులో పెద్దాయన ఎదురుపడ్డాడు.

"సదివేవా తల్లీ?"

రాదని ఏ మొహంతో చెబుతుంది?

"రోజూ చదువుతున్నాను బాబాయిగారూ."

"రోజూనా?" ఆయన తెల్లబోయాడు. "మరి మీ ఆయన ఏటన్నాడు?"

"వద్దన్నారండీ. ఆయనకి ఇలాంటివి పట్టవు."

పెద్దాయన చేతిలో సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"అచ్ఛా... వద్దన్నాడా," అని వెళ్లిపోయాడు.

ఎంక్వయిరీ రోజు వచ్చింది.

రైల్వేలో ఒక పద్ధతి ఉంది. నేరం మోపబడ్డవాడు తన తరఫు సాక్షుల పేర్లు తనే రాసివ్వాలి. రాసిచ్చిన వాళ్లనే పిలుస్తారు.

"నీ తరఫున సాక్షులెవరు?" అడిగాడు అధికారి.

"ఎవరూ లేరు సార్."

రమణబాబు ఫారంలో సాక్షుల పేర్ల గడిలో అడ్డంగా గీత గీసి సంతకం పెట్టాడు. సరిగ్గా ఆ వేళకి ఇంట్లో రాజశ్రీ మోకాళ్లు నొప్పెట్టేదాకా దండాలు పెడుతూనే ఉంది.

నెల తిరిగేసరికి ఆర్డరు చేతికొచ్చింది. ఉద్యోగం పోయింది. క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు.

"నేనేం తక్కువ చేశాను స్వామీ?" రాజశ్రీ పటాల ముందు కూలబడి భోరుమంది.

సామాన్లు సర్దడానికి పక్క క్వార్టర్ అప్పయమ్మ సాయం వచ్చింది. బొబ్బిలి నుంచి కోడలిగా వచ్చిన మనిషి. పటాలు దింపుతుంటే కాగితం కింద పడింది.

"ఏ స్తోత్రమే ఇది?" అని కళ్లజోడు పెట్టుకుంది. రెండు వరసలు చదివి ఆగిపోయింది.

"ఏటయింది పిన్నీ?"

"ఇది నువ్వు సదవలేదేటే?"

"నాకు తెలుగు చదవడం రాదు పిన్నీ."

అప్పయమ్మ పైకి చదివింది.

'అమ్మా, మీ ఆయన తప్పు లేదు. నిజం నాకు తెలుసు. ఎంక్వయిరీలో సాక్షిగా నా పేరు రాయమను. రాస్తే నన్ను పిలుస్తారు. పిలిస్తే వచ్చి నిజం చెబుతాను. సూర్యం, సిగ్నల్ కేబిన్. ఇల్లు తోర్వాలో, పిండిమిల్లు వెనక.'

రమణబాబు చేతిలో పెట్టె జారిపోయింది. భార్యను ఏమని అంటాడు? తను మాత్రం ఆ కాగితం ఎవరిచేతైనా చదివించాడా?

ఇద్దరూ సైకిల్ మీద తోర్వా పరుగెత్తారు.

గుమ్మంలో సూర్యం భార్య కనకం కూర్చునుంది. మెడ బోసిగా ఉంది.

"పది రోజులయింది బాబూ. గుండెపోటు," అంది. వచ్చినవాళ్లెవరో చెప్పగానే గుర్తుపట్టింది. "నీ పిలుపు కోసం సూసి సూసి పోయేడు. పిలిస్తే సెప్పేస్తాను, పింఛను పోతే పోయింది అనీవోడు. ఆపీసు గేటు దాకా రెండుసార్లు ఎల్లేడు. పిలవకుండా లోపలికెల్లడానికి ధైర్యం సాల్లేదు."

రమణబాబుకి ఒక్కటే అర్థం కాలేదు.

"నిజం చెబితే ఆయన పింఛను ఎందుకు పోతాదమ్మా? ఆయన పక్కనుండి చూసినవాడే కదా?"

కనకం తల దించుకుంది.

"సూడ్డమేటి బాబూ... ఆ పచ్చ ఇచ్చింది ఆయనే, నీ బండి దగ్గరికొచ్చేక పొరపాటున ఎర్ర సేసిందీ ఆయనే."