ముల్లుకప్పల కొండ

దారికి అడ్డంగా కూర్చున్న ఆడవాళ్ళ వరుసలోకి ఒక ముసలామె వచ్చి, ఎవరినీ అడక్కుండా కూర్చుంది.

“ఏ ఊరు దోన్యా మీది?” అని పెద్దావిడను మర్యాదగా పిలిచి అడిగింది తిమొతెయా. ఊరిని కూడగట్టి ఆ దారి కాస్తున్నది ఆమే.

“లోయ అవతల. నా పేరు ఎర్లిండా.”

“ఇక్కడేం పని?”

“మీకేం పనో, నాకూ అదే.”

ఆ పని కొండను కాపాడుకోవడం.

పైన మబ్బులు పట్టిన అడవిలో, వాగు బండల మీద ఒక పచ్చటి చెట్టుకప్ప ఉంటుంది. రాగి రంగు కళ్ళు, బొటనవేలి దగ్గర చిన్న ముల్లు. హోండురాస్‌లో ఇప్పుడది ఇంకెక్కడా మిగల్లేదంటూ ఊరివాళ్ళు కోర్టుకెక్కారు. కప్ప ఉందో లేదో చూడటానికి మనుషుల్ని పంపుతామంది కోర్టు. వాళ్ళు వచ్చేలోపే కొండ తవ్వేసి, కప్పే లేదనిపించాలని గని కంపెనీ తొందరపడుతోంది.

బుల్డోజర్ వచ్చినప్పుడల్లా ఎర్లిండా అందరికంటే ముందుకు జరిగి కూర్చునేది. బ్లేడు మోకాళ్ళ దాకా వచ్చినా కదిలేది కాదు. డ్రైవరు కాసేపు చూసి, బండి వెనక్కి తిప్పుకుని పోయేవాడు.

మన అరుపులకు జడిసిపోయాడని ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

ఎర్లిండా తన సంగతులు పెద్దగా చెప్పేది కాదు. తమ ఊరి వాగులోనూ ఈ కప్పలు ఉండేవని, కొండ తవ్వాక ముందు కప్పలు పోయాయని, వాటి వెనకే నీళ్ళూ పోయాయని ఒకసారి చెప్పింది. ఎవరు తవ్వారని అడిగితే, కాఫీ చల్లారిపోతోందంటూ మాట దాటేసింది.

ఒక సాయంత్రం కట్టెల కోసం దిగిన తిమొతెయా, కొండ కింది వంతెన దగ్గర ఎర్లిండాను చూసింది. ఆ డ్రైవరుకే మొక్కజొన్న రొట్టెలు పెడుతోంది. వాడు తల వంచుకుని తింటున్నాడు.

పొద్దున్నే అందరి ముందూ నిలదీసింది.

“కంపెనీ మనిషివా?”

“కాదు.”

“మరి వాడికి తిండెందుకు పెట్టావు?”

“ఆకలేసింది వాడికి.”

“మా కొండ తవ్వడానికి వచ్చినోడి ఆకలి నీకెందుకమ్మా? మూట సర్దుకుని పో.”

ఎర్లిండా తన శాలువా దులుపుకుంది.

“మీ వరుసలోంచి లెమ్మంటే లేస్తాను. దారి మీద కూర్చోవద్దనడానికి మీరెవరు? ఆ కంపెనీవాళ్ళెవరు?”

దిగి వెళ్ళిపోయింది. వెనక నుంచి ఎవరో బురద విసిరారు. ఆమె తిరిగి చూడలేదు.

ఆ రోజు నుంచి బుల్డోజర్ పైకి రాలేదు. వేగు పోయింది, కంపెనీ తోక ముడిచింది అనుకున్నారు. వాన మాత్రం ఎడతెరిపి లేకుండా కురిసింది.

వాన తగ్గాక కోర్టు మనుషులు కొండ అవతలి దారిన కంచరగాడిదల మీద వచ్చారు. వాగు తుంపర్లలో బండను కరుచుకుని కూర్చున్న కప్పను చూశారు. తవ్వకం ఆపాలని అక్కడే చెప్పేశారు.

ఆ మాట డ్రైవరు మొహం మీదే చెప్పాలని తిమొతెయా ఊరందరితో కలిసి కిందికి దిగింది.

బుల్డోజర్ వంతెన దగ్గరే ఆగి ఉంది. దాని ముందు, దారికి అడ్డంగా, డ్రైవరే కూర్చుని ఉన్నాడు. భుజాల మీద ఎర్లిండా శాలువా.

“నువ్వేంటి ఇక్కడ?”

“కొత్త డ్రైవర్ని పంపుతారట. రానీ.”

“ఆమేది?”

వానంతా ఆమె అక్కడే కూర్చుందని, తాను మోసుకెళ్ళి చెట్టు కింద పెట్టినా మళ్ళీ వచ్చి కూర్చునేదని, జ్వరం ముదిరాక వీపున వేసుకుని టౌను ఆసుపత్రికి పరుగెత్తానని చెప్పాడు. నిన్ననే పాతిపెట్టి వచ్చాడట.

తిమొతెయా అడిగింది.

“ఆవిడ కోసం నువ్వెందుకు కూర్చున్నావు?”

అతను లేవలేదు.

“మా ఊరి కొండ తవ్వింది నేనే. ఆవిడ మా అమ్మ.”