ఆ ఒక్క మాట

తలుపు గడియ పడింది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

గుమ్మం దగ్గర బావ. అక్క మొగుడు.

"ఎందుకొచ్చావ్?" అంది, సోఫా వెనక్కి జరుగుతూ.

అతను పలకలేదు. ఆమె బల్ల మీది ఫోన్ ఎత్తింది. అదీ పలకలేదు. కిటికీ రెక్క లాగింది. రాలేదు. అతను తాపీగా నడిచొస్తున్నాడు.

"అన్నీ నువ్వే కదూ?" అన్నాడు. "పాట రాసేది నువ్వే, పాడేది నువ్వే. సినిమా తీసేదీ నువ్వే, అందులో వేషం వేసేదీ నువ్వే. మరి నీ మొదటి పాట బాణీ ఎవరిదో చెప్పు!"

ఈ మాట అతని నోట వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పాత సంగతి అది. ఆమెకు గిటారు పట్టుకోవడం నేర్పింది బావే. ఓ సాయంత్రం వంటింటి గట్టు మీద కూర్చుని అతను కూనిరాగం తీస్తే, దానికి ఆమె మాటలు రాసింది. ఆ పాటతోనే ఆమె దశ తిరిగింది. ఇప్పుడు ఆమె సినిమా పోస్టరు మీద పేర్లు చదవడం చాలా తేలిక. అన్నీ ఒకటే. బావ మాత్రం మూలన పడ్డాడు. మొన్న అక్క కాళ్లావేళ్లా పడితే, మనసు కరిగి మళ్లీ దగ్గరికి రానిచ్చి, ఓ పని ఇచ్చింది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

"బావా, అది తర్వాత మాట్లాడుకుందాం," అంది గొంతు బాగా తగ్గించి.

"ఎప్పుడు? నేను పోయాకా?"

అతని కళ్లలోకి చూసింది. అది ఉత్తుత్తి కోపం కాదు. ఒక్క మాట అంటే చాలు, ఇదంతా ఇక్కడితో ఆగిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ మొండిది. ఒక్క క్షణం తటపటాయించింది.

ఆ క్షణమే కొంప ముంచింది. అతని చేతులు ఆమె గొంతు పట్టుకున్నాయి.

లక్షలమందిని ఊపేసిన గొంతు. ఎండాకాలంలో కూడా చల్లనీళ్లు తగలనివ్వని గొంతు. కీచుమని కూడా అనలేకపోయింది. గోళ్లతో రక్కింది. కాళ్లతో తన్నింది. సోఫా పక్కన దీపం పడి భళ్లున పగిలింది. ఎవరైనా రారా! ఒక్కరైనా రారా! కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. చచ్చిపోతున్నానని అర్థమై, ఆ ఒక్క మాట కోసం పెదాలు కదిపింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఇప్పుడు చెప్పు," అంటున్నాడు బావ, ఏడుస్తూ. "చెప్పవే!"

ఎవరూ రాలేదు.

లైట్ల వెనక చీకట్లో యూనిట్ మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తోంది. తాను ఎంత గింజుకున్నా, ఎంత ఏడ్చినా, తన నోటితో "కట్" అనేదాకా ఒక్కరూ కదలకూడదని డైరెక్టరమ్మ పొద్దున్నే గట్టిగా చెప్పింది మరి.