రెండో అంతస్తులో న్యాయం

తమ్ముడు నోరు విప్పడు. అక్క నోరు మూయదు. మధ్యలో లాయరమ్మ పెన్ను గాల్లో ఆగిపోయింది.

పనిలో దెబ్బతిన్న కూలీల కేసులు ఉచితంగా నడిపే ఆఫీసు అది. ఉండేది రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. కాళ్లు విరిగినవాళ్ల ఆఫీసును మెట్ల పైన పెట్టాలన్న తెలివి ఏ మహానుభావుడికి పుట్టిందో గానీ, ఆయన కాళ్లు మాత్రం నిక్షేపంగా ఉండి ఉంటాయి.

ఈ తమ్ముణ్ణి అక్క మొగుడు వీపు మీద మోసుకొచ్చాడు. మెల్లిగా దించాడు. కట్టు కట్టిన కాలును ఇంకో కుర్చీ మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు. తర్వాత గోడకు ఆనుకొని, మంచినీళ్ల సీసా పట్టుకొని రొప్పుతూ నిలబడ్డాడు.

“ఎలా పడ్డారు?” లాయరమ్మ మళ్లీ అడిగింది.

“కాలు జారిందమ్మా. తప్పు నాదే.”

“నీ కాలు కాదురా జారింది, పలక జారింది!” అక్క అందుకుంది. “పరంజా మీద పలక కట్టకుండా వదిలేశారమ్మా. వీడు సిమెంటు తట్టతో దాని మీద అడుగేశాడు. పలక అటు, వీడు ఇటు. కింద ఇసుక కుప్ప ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇవాళ వీడి బదులు వీడి ఫొటో మోసుకొచ్చేవాళ్లం.”

“నడుముకు బెల్టు ఇవ్వలేదా?”

“ఇస్తామన్నారు. నేనే వద్దన్నా” అన్నాడు తమ్ముడు నేల చూస్తూ.

“నీ మొహానికి అబద్ధం కూడా అతకదురా!” అక్క కుర్చీని ముందుకు జరుపుకుంది. “కొత్త బెల్టులమ్మా. కవరు కూడా చింపలేదు. వాడితే మాసిపోతాయని అటక మీద దాచాడు ఆ మనిషి. తనిఖీకి ఆఫీసర్లు వచ్చే రోజున దించడం, వాళ్లు పోగానే మళ్లీ ఎక్కించడం. బెల్టులన్నీ భద్రంగా ఉన్నాయి. పడింది వీడు.”

హెల్మెట్లలో మేకులు పోసుకునే కాంట్రాక్టర్లను లాయరమ్మ చూసింది. బెల్టులకు అటక కేటాయించినవాణ్ణి చూడలేదు.

“ఇంత పొదుపరి కాంట్రాక్టరు ఎక్కడ దొరికాడండీ మీకు?” అంది.

గోడ దగ్గర బావకు నీళ్లు పొలమారాయి.

“తల మీద కొట్టుకో బావా” అన్నాడు తమ్ముడు.

“కాలు సంగతి డాక్టరేమన్నాడు?”

“ఎముక వంకరగా అతుక్కుంటోందట. మళ్లీ కోసి రాడ్డు వెయ్యకపోతే ఇక జన్మలో నిచ్చెన ఎక్కలేడట.” అక్క గొంతు మొదటిసారి తగ్గింది. “తాపీ పట్టడం తప్ప వీడికేమొచ్చమ్మా? పాడటం వచ్చు. కానీ వింటే మీరు కూడా కేసేస్తారు.”

“అయితే వేద్దాం కేసు” అంది లాయరమ్మ.

“వద్దమ్మా” తమ్ముడు కంగారుపడ్డాడు. “కాంట్రాక్టరు మంచాయన. నాకు తాపీ పట్టించిందే ఆయన. రేపు ఏ మొహం పెట్టుకొని ఎదురుపడను?”

ఈ మాట విని విని లాయరమ్మ చెవులు తూట్లు పడ్డాయి. కాలు విరిగినవాడే సిగ్గుపడతాడు. విరగ్గొట్టినవాడు పూటుగా తిని పడుకుంటాడు.

“చూడండి. పలకలు మంచితనంతో నిలబడవు, తాడుతో కడితే నిలబడతాయి. ఆయన మంచివాడైతే మరీ మంచిది, త్వరగా ఒప్పుకుంటాడు.” అక్క వైపు తిరిగింది. “ఒకటి ముందే చెబుతున్నా. గెలిస్తే ఆయన సిమెంటు కలిపే మిక్సరు అమ్ముకోవాల్సి రావచ్చు. ఆయన పెళ్లాం ఊరుకోదు. వచ్చి శాపనార్థాలు పెడుతుంది, కాళ్ల మీద పడుతుంది. ఆ ఏడుపులకు కరిగిపోయి కేసులు వెనక్కి తీసుకున్నవాళ్లు బోలెడుమంది.”

“ఆవిడ సంగతి నాకొదిలెయ్యండి. ఆవిడ ఏడవాల్సిందంతా ఎప్పుడో ఏడ్చేసింది.”

లాయరమ్మకు ఈ మనిషి నచ్చింది. గోడ దగ్గరి మనిషి ఇంకా నచ్చాడు.

“మీరేమంటారండీ?” అని అడిగింది.

“మా ఆవిడ ఎలా అంటే అలాగేనండి.”

“ఉంటే మీలాంటి బావ ఉండాలి. ఎక్కడైనా ఇంటి మగాళ్లే కాంట్రాక్టరుతో కలిసి టీ తాగి రాజీ చేసుకొస్తారు. మీరు వీపు మీద మోసుకొచ్చారు.”

బావ గోడ మీది హెల్మెట్ బొమ్మను శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. తమ్ముడికి నవ్వొచ్చింది. నవ్వగానే పక్కటెముకలు పట్టేశాయి.

“నవ్వించకండమ్మా, చస్తాను.”

“సంతకం పెట్టి చావరా” అంటూ అక్క, లాయరమ్మ ఇచ్చిన వకాల్తా కాగితం, పెన్ను వాడి చేతిలో పెట్టింది.

తమ్ముడు బావ వంక చూశాడు. చూసి, పెన్ను పక్కన పెట్టేశాడు. బావ వచ్చి ఆ పెన్ను తీసి మళ్లీ వాడి చేతిలో పెట్టాడు.

“పెట్టరా. నువ్వు లేచి నడవాలి. రోజూ ఈ మెట్ల మీద నిన్ను మొయ్యడం నా వల్ల కాదు.”

వాడు సంతకం పెట్టాడు.

లాయరమ్మ ఊపిరి పీల్చుకుంది. “ఇక నోటీసు. అసలు తలనొప్పి ఇక్కడే. ఈ కాంట్రాక్టర్లు చేతికి చిక్కరు. ముందు గుమ్మంలో పోస్టుమ్యాన్ నిలబడితే వెనక గుమ్మంలోంచి జారుకుంటారు. సగం కేసుల ఉసురు ఈ దాగుడుమూతల్లోనే పోతుంది. ఆయన పేరు, ఇల్లు, ఏ వేళకు ఎక్కడ దొరుకుతాడో అన్నీ సరిగ్గా చెప్పండి.”

“పోస్టెందుకమ్మా దండగ, ఆ కాంట్రాక్టరు చేతికే ఇచ్చెయ్యండి” అంటూ అక్క తన మొగుణ్ణి రెక్క పట్టుకొని బల్ల ముందుకు లాగింది.