సున్నం కింద ఎర్ర చుక్కలు

ముసలాయన కాఫీ కప్పు అందుకోబోయాడు. చెయ్యి తగిలి కప్పు దొర్లింది, కాఫీ అంతా బల్ల పాలైంది.

కాఫీ కొట్టు నడిపే ఆర్గిరోకి ఒళ్ళు మండిపోయింది.

"ఈస్టర్ ఉపవాసాల వారంలో, అదీ పొద్దున్నే పట్టించావా పెద్దాయనా?"

"లేదమ్మా. చెయ్యి తప్పింది."

"తప్పదూ మరి! రోజూ సారా గ్లాసు పట్టే చేతికి కాఫీ కప్పు ఎక్కడ ఆగుతుంది?"

మూల బల్ల దగ్గర మేకల సిదేరిస్ కిసుక్కున నవ్వాడు.

కొండెక్కి వచ్చిన కొత్తవాడికి మొదటి కాఫీ ఊరికే పొయ్యడం పైఊరి ఆనవాయితీ. గొణుక్కుంటూనే ఇంకో కప్పు పోసింది ఆర్గిరో.

"గది దొరుకుతుందామ్మా?"

"ఉంది గానీ నీక్కాదు. శుక్రవారం పడవకి దనాయి లోగోథేతి వస్తోంది. పేరెప్పుడైనా విన్నావా? నడక దారుల మీద పత్రికలకి రాస్తుంది."

ముసలాయన ముఖం విప్పారింది. "బాగా రాస్తుందా?"

"అదేం ప్రశ్నయ్యా! ఆవిడ రాసిందనే కదా, పక్క దీవిలో చచ్చిపోయిన ఊరు లేచి కూర్చుంది. వసంతం వస్తే చాలు, వీపున సంచులు తగిలించుకుని ఒకటే జనమట."

పైఊళ్ళో పట్టుమని పది గడపలు లేవు. బడి మూతపడింది. మిగిలింది ఈ కాఫీ కొట్టు. మొగుడు పోయాక ఆర్గిరోకి ఉన్నదీ ఇదే. ఆ వ్యాసం వస్తే కొట్టు నిలుస్తుంది. రాకపోతే ఈస్టర్ వెళ్ళగానే తాళం పెట్టి, పిరేయస్ పట్నంలో చెల్లెలింట ఓ మూల పడి ఉండాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేది.

"మీ ఊరు ఆవిడకి నచ్చుతుందిలే అమ్మా," అన్నాడు ముసలాయన.

"నువ్వు చెప్పావుగా, ఇక నాకేం దిగులు! వెనకాల మేకల కొట్టం ఖాళీగా ఉంది. పడుకుంటే పడుకో."

ముసలాయన అక్కడే పడుకున్నాడు.

రెండో రోజు సిదేరిస్ పరుగున వచ్చాడు.

"అక్కా, నీ చుట్టం దారి పొడుగునా రాళ్ళకి ఎర్ర రంగు పూస్తున్నాడు!"

ఆర్గిరో చరచరా వెళ్ళింది. ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ గసగసాల పూలు, మధ్యలో రంగు డబ్బా.

"ఎవర్నడిగి పూస్తున్నావయ్యా? పండగ ముందు మా దారి పాడుచెయ్యడానికొచ్చావా?"

"తప్పిపోకుండా ఉంటుందనమ్మా."

"మా తాతల నాటి దారి ఇది. మేకలు కూడా తప్పవు."

"మేకలు తప్పవులే. నాలాంటివాళ్ళే తప్పుతారు."

"తాగితే ఎవడైనా తప్పుతాడు!"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె వింటేగా! అప్పటికే వెనక్కి తిరిగింది.

గురువారం పొద్దున ముసలాయన కొట్టు ముందు ఆగాడు.

"రేవుకి వెళ్ళొస్తానమ్మా. ఇక్కడ ఫోన్ పలకడం లేదు. చీకటి పడేలోగా వచ్చేస్తా."

"నిదానంగా రా. నీకోసం ఇక్కడెవరూ కాసుక్కూచోలేదు."

ఆ రోజు ఇంటింటా పండగ గుడ్లకి ఎర్ర రంగు అద్దుతారు, గడపలకీ మెట్లకీ తెల్లగా సున్నం కొడతారు. ఏటా ఊరి చివర ఆగిపోయే సున్నం బకెట్‌ని ఆర్గిరో ఈసారి లోయ మలుపు దాకా మోసుకుపోయింది. రేపు రచయిత్రి ఎక్కి వచ్చేది ఆ దారినే మరి. మెట్లు మెరిసిపోవాలి. కంటపడిన ప్రతి ఎర్ర చుక్క మీదా రెండేసి పూతలు వేసింది. ముసలాడి పీడ వదిలించానని సంబరపడింది కూడా.

చీకటి పడింది. ముసలాయన రాలేదు.

"రేవులో ఏ సారా కొట్లోనో పడి ఉంటాడు," అంది. అంటూనే ఆయన వాటా పప్పు మీద మూత పెట్టి ఉంచింది.

మర్నాడు పొద్దున్నే సిదేరిస్ వచ్చాడు. ఈసారి పరుగెత్తలేదు.

"అక్కా... లోయ మలుపు కింద పడి ఉన్నాడు. పోయాడు."

మోసుకొచ్చారు. చర్చిలో రాత్రి ఊరేగించే క్రీస్తు పాడె పూలతో సిద్ధంగా ఉంది, ఇంకో పాడెకి చోటు లేదు. గత్యంతరం లేక ఆర్గిరో అద్దె గది తలుపు తీసింది. రచయిత్రి కోసం పరిచిన కొత్త దుప్పటి మీద ఆయన్ని పడుకోబెట్టారు.

"తాగుబోతు చావు," అన్నాడు సిదేరిస్.

"చచ్చి కూడా నా కొంప ముంచాడు," అంది ఆర్గిరో. అని, అయ్యో పాపం అనుకుని, కళ్ళు తుడుచుకుంది. తనకోసమే ఏడ్చిందో, ఆయనకోసమో ఆమెకే తెలియలేదు.

క్రీస్తు పోయిన శుక్రవారం కదా, చర్చి గంట ఆగి ఆగి మోగుతూనే ఉంది.

మధ్యాహ్నం దాటాక వీపున సంచితో ఓ అమ్మాయి ఆయాసపడుతూ కొట్టు ముందుకొచ్చింది.

"దనాయి గారా? రండమ్మా, రండి. గదే... కొంచెం..."

"గది సంగతి తర్వాతండీ. మా నాన్న ఏరీ? రేవు నుంచి ఆయన వేసిన ఎర్ర చుక్కలు చూసుకుంటూనే వచ్చాను. లోయ మలుపు దగ్గర్నుంచి ఒక్కటీ లేదు. అప్పట్నుంచీ గుండె దడదడలాడుతోంది."

ఆర్గిరో గది తలుపుకి అడ్డంగా జరిగింది.

"మీరు ఆర్గిరో గారే కదూ? నిన్న ఫోన్లో వ్యాసమంతా చెప్పేశారు. మీతోనే మొదలు. కాఫీ ఒలకబోసినందుకు తిట్టి, మళ్ళీ కప్పు నిండా పోసిందట. ఆ ఊరు బతకాలి, రాసుకో అన్నారు."

గోళ్ళలో సున్నం ఇంకా పోలేదు. ఆర్గిరో చేతులు వీపు వెనక్కి లాక్కుంది.

"మీ నాన్నగారు... ఆయన కూడా రాస్తారా అమ్మా?"

"రాయలేరండీ, ఎరుపు తప్ప ఇంకేదీ ఆనని కళ్ళు ఆయనవి, గుడ్డివాడి నడకల్ని ఏ పత్రికా వేసుకోదని నా పేరు పెడతాం గానీ, మీరు చదివిన దారులన్నీ మా నాన్న నడిచి చెప్పినవే."