ఎర్రపూసల పట్టీ

లైసెన్సు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ మారిసెల్వి నాటు తుపాకి గొట్టంలోకి టార్చి కొట్టి చూసింది. లోపలంతా తుప్పే. ఇందులో మందు కూరి పేలిస్తే పేల్చినవాడి చెయ్యే పోతుంది.

తోలు పట్టీకి మాత్రం కొత్తగా ఎర్రపూసలు కుట్టి ఉన్నాయి. పక్కనున్న మందు తిత్తికీ అవే పూసలు.

“పోయిన తడవ నువ్వే గదా పాపా, ఎర్రపూసలైతే బాగుంటాదని చెప్పినావు? విరుదునగర్ పోయి తెచ్చి కుట్టినా,” అన్నాడు ఎత్తిరాజు, కాఫీ గ్లాసు ఆమె చేతికిస్తూ. కోవిల్‌పట్టిలో ఆ వీధంతా తమిళమే. భార్య పోయాక ఆయన నోట తెలుగు వచ్చేది ఆ భాష తెలిసిన మారిసెల్వి వచ్చిన రోజే.

“ఇది ఇంక పేలేది లేదు తాతా. ఎందుకీ తంటా నీకు? స్టేషన్లో ఒప్పజెప్పేయి. ఇంక ఎవురూ వచ్చి నిన్ను విచారించే పనే ఉండదు.”

ఆయన పూసల మీద దుమ్ము తుడిచి, తుపాకిని గోనెసంచిలో చుట్టి, తనే ఆమె బండికి కట్టాడు.

బండి కదలబోతుంటే గబగబా లోపలికి పోయి, తను చేసిన కత్తి ఒకటి తెచ్చాడు. దాని తోలు ఒర మీదా ఎర్రపూసలే.

“కత్తికి లైసెన్సు అక్కరలేదు తాతా,” అంటూ మారిసెల్వి నవ్వింది. “బయపడొద్దు, ఇంట్లోనే పెట్టుకో.”

ఎత్తిరాజు నవ్వలేదు. కత్తిని ఇంకా ఆమె వైపే చాచి పట్టుకున్నాడు.

“దీనికీ ఒక లైసెన్సు ఇప్పించు పాపా. ఏటికొకసారి వచ్చి చూసిపోదువు.”